గెడ్డలో కొట్టుకుపోయిన ఏనుగు

డుంబ్రిగుడ సంతలో కొత్త టార్పాలిన్ వాసన తగిలితే చాలు, నాకు మా ఏనుగు గుర్తొస్తుంది.

నా చిన్నప్పుడు గెడ్డ పొంగి మా ఇంటి కప్పునీ, నా మేకపిల్లనీ ఊడ్చుకుపోయింది. మూడు రోజులు ఏడ్చాను. నాలుగో రోజు నష్టం రాసుకోవడానికి ఆఫీసరు వచ్చాడు. ఆయన కాగితం మీద “మేకపిల్ల” అని రాశాడో లేదో, కాఫీ తోటలోంచి అది అరుచుకుంటూ దిగొచ్చింది! రాస్తే ప్రభుత్వం ఇంత తొందరగా తెచ్చిస్తుందా అనుకుని ముందుకు దూకాను.

“సారూ, మా ఏనుగు కూడా కొట్టుకుపోయింది, బేగి రాయండి!”

“ఓలే గుంటా, మనకి ఏనుగేటే!” అంటూ అమ్మమ్మ నెత్తిన మొట్టింది.

ఆఫీసరు కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. కప్పుకి నీలం టార్పాలిన్ రావడానికి నెల పట్టింది. ఏనుగు పెద్దది కదా, ఇంకాస్త ఆలస్యమవుతుంది.