కుట్టేసిన ఆఖరి అధ్యాయం

పోయిన ఆదివారం మధ్యాహ్నం ఆదోనిలో కరెంటు పోయి ఫ్యాను ఆగిపోతే, చేసేదేమీ లేక ఫోను చేతికి తీసుకున్నాను. బళ్ళారిలో ఉండే మా పాప వచ్చినప్పుడు అందులో పుస్తకాలమ్మే యాప్ ఒకటి పెట్టిచ్చి, "నాన్నా, ఊరికే గోడల్ని చూస్తా కూర్చోవద్దు" అని చెప్పిపోయింది. గోడల్ని చూస్తే తప్పేముందో నాకైతే అర్థం కాదు, అవి ఎదురు మాట్లాడవు కదా. సరేలే అని వేలితో జరుపుతా పోతాంటే ఒక అట్ట బొమ్మ దగ్గర చెయ్యి ఆగిపోయింది. బట్టలు కుట్టుకునే టైలరమ్మ ఒకామె, పోలీసులకు అంతుబట్టని హత్యను మిషన్ ముందర కూర్చునే తేల్చేసే నవల అది. మళ్ళీ అచ్చేసినారంట. దాని పాత ప్రతి ఆరేండ్లుగా నా బీరువాలో ఉంది. ఆఖరి అధ్యాయం మాత్రం నేను ఈ రోజుకీ చదవలేదు.

అట్ట కింద చదివినోళ్ళ అభిప్రాయాలు. ఒకాయన "సగంలోనే కనిపెట్టేసినాను, టైం వేస్టు" అని ఒక్క చుక్క ఇచ్చినాడు. ఒకామె ఆ టైలరమ్మ అచ్చం మా చిన్నమ్మ మాదిరి ఉందని ఐదు చుక్కలూ ధారపోసింది. ఇంకొకాయనకు పార్శిల్ ఆలస్యంగా వచ్చిందంట, కాబట్టి నవల బాగలేదు! నవ్వుకుంటా కిందికి పోయినానో లేదో, ఒక మహానుభావుడు ముందూ వెనకా చూడకుండా, "చంపింది కాంపౌండరే, ఇందులో కనిపెట్టేదేముంది" అని రాసిపెట్టినాడు. కండ్లు మూసుకునేలోపల చదివేసినాను. "నీ పాసుగాల!" అని గట్టిగానే తిట్టినాను. వినేదానికి ఇంట్లో ఎవరూ లేరు.

నేను ఆరేండ్లు జాగ్రత్తగా దాచుకున్నది ఆయప్ప ఒక్క లైనులో చెప్పేసినాడు. ఎందుకంత కోపమో తెలియాలంటే మా ఇంటామె గురించి చెప్పాల.

ఆమెది ఎమ్మిగనూరు, మగ్గాలోళ్ళ ఇల్లు. పెండ్లయి వచ్చినప్పుడు ఆమె ట్రంకుపెట్టెలో చీరల సందుల్లోనంతా నూలు ఉండలే. ఏ గుడ్డ చూసినా ముందు ఒక పోగు లాగి, వేళ్ళ మధ్య నలిపి, దాని జాతకం చెప్పేది. బజారులో అంగడాయన సిల్కని చెప్పిందాన్ని "ఇదా, సిల్కా?" అని ఒక్క మాట అడిగి బయటికొచ్చేసేది. వెనక నడిచే నాకు మొహం చెల్లేది కాదు. ఆమెకుండే పిచ్చి ఒక్కటే, డిటెక్టివ్ నవలలు. అప్పట్లో బస్టాండు పక్కన అద్దెకు పుస్తకాలిచ్చే అంగడి ఉండేది. నేను పాఠాలు చెప్పే బడి విడిచినాక సైకిలు మీద పోయి తెచ్చేటోణ్ణి. అభిప్రాయాలు చెప్పే రోగం ఈ ఫోన్లతో వచ్చిందేం కాదు. ఆ పుస్తకాల్లోనూ చదివినోళ్ళంతా పెన్నులతో రాసిపెట్టేటోళ్ళు. "సూపర్", "హీరోయిన్‌కు బుద్ధి లేదు", "నూరో పేజీలోనే తెలిసిపోయె". మరీ దుర్మార్గులు మొదటి పేజీలోనే "హంతకుడు వంటమనిషి" అని రాసేటోళ్ళు. అట్లాంటివి ఆమె కంట పడకుండా కాగితం అంటించేది నా డ్యూటీ. ఆ విషయంలో ఆమెకు నా మీద అపారమైన నమ్మకం.

పుస్తకం ఇంటికొస్తే ఆమె మొదట చేసే పని, ఆఖరి అధ్యాయం పేజీలన్నీ దగ్గరికి పట్టుకొని అంచున మూడు చోట్ల నూలుతో కుట్టేయడం. ఇద్దరం ఆ కుట్టు దాకా చదవాల. హంతకుడెవరో చెరొక చీటీలో రాసి, మడిచి, పుస్తకంలో పెట్టాల. రెండు చీటీలూ పడినాకనే దారం తెంచాల. ఓడిపోయినోళ్ళు మరుసటి రోజు పొద్దున టిఫనుకు ఉగ్గాని, బజ్జీ చేయాల. ఆ ముడి మగ్గమోళ్ళ ముడి, విప్పితే మళ్ళీ వేసేది నా చేత కాదు.

అయితే విప్పే పనేముంది? ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. కుట్టిన పేజీల్ని కొంచెం గొట్టం మాదిరి వంచి పైనుంచి ఒక కన్ను పెడితే, లోపల సగం సగం లైన్లు కనపడతాయి. హంతకుడి పేరు దొరికేదానికి అది చాలు. నేను సైన్సు అయ్యవారిని. పరీక్షల్లో పక్కోడి పేపరు చూసే పిల్లోళ్ళ చెవులు మెలిపెట్టినోణ్ణి. ఇంట్లో మాత్రం ఏండ్ల తరబడి సందులోంచి చూసి గెలిచినాను. గెలిచిన ప్రతిసారీ మీసం దువ్వుకుంటా పీట మీద కూర్చుంటే, ఆమె ఉగ్గానికి బొరుగులు తడిపి, నీళ్ళు పిండేసి, పుట్నాలపొడి చల్లి, వేడివేడిగా పెట్టేది. "నీ బుర్రే బుర్రప్పా" అనేది. నేను సిగ్గు లేకుండా ఇంకో బజ్జీ అడిగేటోణ్ణి.

అద్దె అంగడి మూసేసేటప్పుడు మిగిలిన పుస్తకాల్ని ఆయన చవగ్గా ఇచ్చేసినాడు. టైలరమ్మ నవల అందులోదే. ఎందుకో ఆరేండ్ల కిందటి దాకా దాన్ని చదివేదానికి తీయలేదు. అప్పటికే ఆమెకు గుండె జబ్బు, మంచం దిగేది తక్కువ. అయినా దిండుకు ఆనుకొని కుట్టింది. చదివింది. చీటీ రాసి లోపల పెట్టేసి, "నీ చీటీ యాడప్పా?" అనింది. నేను మందులకని కర్నూలుకు, ఇంటికి తిరుగుతాంటిని. సగం కూడా చదవలేదు, సందులోంచి చూసేదానికి మనసూ లేదు. "రేపు రాస్తాలే" అన్నాను. మరుసటి రోజూ అదే మాట. నాలుగో రోజు తెల్లారి ఆమె లేదు.

మిగతాది తర్వాత చదివినాను. కుట్టు దగ్గరికొచ్చి ఆగినాను. ఆమె చీటీ విప్పితే నాతో చెప్పాల్సిన ఆఖరి మాట కూడా అయిపోతుందని భయం. విప్పనంతవరకూ ఆమె ఇంకా ఏదో చెప్పాల్సే ఉంది కదా. ఆ ఒక్క ఆశతో ఆరేండ్లు గడిపినాను. పండగకు పాప వచ్చి బీరువా సర్దుతానంటే కసిరినాను కూడా.

ఇప్పుడు హంతకుడెవరో తెలిసిపోయె. ఇంక ఆమె గెలిచిందో ఓడిందో తెలుసుకోకుండా ఉండలేకపోయినాను. లేచిపోయి బీరువా తీసినాను. పుస్తకంలోంచి ఆమె చీటీ తీసినాను, మడత దగ్గర కాగితం పసుపు రంగుకు తిరిగింది. చిరగకుండా మెల్లగా విప్పినాను. ఆమె గుండ్రటి అక్షరాలు.

"కాంపౌండరు. శవం చేతిలో దొరికిన గుండీ చూడు, దానికుండేది బట్టలు కుట్టే దారం కాదు, గాయాలు కుట్టేది. మగ్గమోళ్ళకు ఒకరు చెప్పాల్నా? నువ్వు ఈసారన్నా సందులోంచి చూడొద్దప్పా."

మొదట నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపైందో తెలియదు. తెలుసు ఆమెకు! అన్నేండ్లూ తెలిసే ఓడిపోయింది, తెలిసే ఉగ్గాని పెట్టింది, తెలిసే "నీ బుర్రే బుర్రప్పా" అనింది. ఇంట్లో అసలు డిటెక్టివ్ ఎవరో నాకు తప్ప అందరికీ తెలిసినట్టుంది, కనీసం ఆమెకైతే తెలుసు. నేనే నా తెలివికి మురిసిపోతా ఉండిపోయినాను.

ఓడినోడు చేయాల కాబట్టి వంటింట్లోకి పోయినాను. బొరుగులు ఎంతసేపు నాననివ్వాలో తెలియదు, మెత్తగా ముద్దైపోయినాయి. ఉప్పు రెండుసార్లు వేసినట్టున్నాను. బజ్జీల జోలికి పోలేదు. అయినా పీట వేసుకొని, గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాను. కరెంటు వచ్చింది, ఫ్యాను తిరిగింది. దారం మాత్రం తెంచలేదు. నా చీటీ ఇంకా పడలేదు కదా.

సాయంత్రం ఫోను తీసి, ఆ మహానుభావుడి లైను కిందనే, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటా నా అభిప్రాయం రాసినాను. "ఈ నవలలో హంతకుణ్ణి మా ఇంటామె దారం పోగును బట్టి ముందే కనిపెట్టింది. నేను ఓడిపోయినాను." ఐదు చుక్కలూ ఇచ్చినాను. ఆమెకు ఎదురుగా కూర్చొని ఒక్కసారన్నా చెప్పాల్సిన మాట అది. చెప్పేదానికి నాకు ఆరేండ్లు ఆలస్యమైంది.