నేను కూర్చున్న రోజు

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదు గానీ, పురసవాక్కంలో చీరల కొట్లో పనిచేసిన రెండేళ్లు తలుచుకుంటే ఆ మాటే నోటికొస్తుంది. ఆ రోజుల్లో స్వేచ్ఛంటే నాకు పెద్ద పెద్ద అర్థాలేవీ తెలియవు. పొద్దుణ్ణుంచి రాత్రి దాకా నిలబడేవాళ్లం, మధ్యలో ఒక్కసారి కూర్చోగలిగితే అదే స్వేచ్ఛ. కొట్లలో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కుందని సర్కారు చట్టం చేస్తే, మా యజమాని తు.చ. తప్పకుండా కౌంటరుకో స్టూలు కొన్నాడు. వాటి మీద చీరల పెట్టెలు కూర్చున్నాయి. (పెట్టెలకు కాళ్లనొప్పులుంటాయని మాకు అప్పటిదాకా తెలియదు.)

పెరంబూరు నుంచి ఆ ఉద్యోగానికి రావడానికి ఇంట్లో పెద్ద యుద్ధమే చేశాను. “నిల్చోని తినేదే తప్పు గానీ, నిల్చోని సంపాదించేదానికేం తప్పులేమ్మా” అని నాయన ఒప్పుకున్నాడు. మా అవ్వ మాత్రం, “ఎన్ని దినాలు చేస్తావో నేనూ చూస్తా. ఆడ మానేసిన మర్నాడే ఈడ పెళ్లిచూపులు” అని నాలుగు సంబంధాలు సిద్ధంగా పెట్టుకుంది. అంటే ఉద్యోగం పోతే నేను కూర్చోవలసింది పెళ్లిపీటల మీదే.

ఆడిమాసం, అంటే మన ఆషాఢం, తగ్గింపు అమ్మకాలప్పుడు ఒకరోజు పాదాలు వాచిపోయాయి. మా సూపర్‌వైజరు (మేం పెట్టుకున్న పేరు ‘సీసీ కెమెరా’) పై అంతస్తుకు వెళ్లగానే పెట్టెలు దించి, ఇంట్లో అలవాటు కొద్దీ ఒక కాలు మడిచి కిందేసుకుని, స్టూలు మీద కూర్చున్నాను. ఆ హాయిలో ఎంతసేపు గడిచిందో తెలియదు. చూస్తే ఎదురుగా కెమెరా!

“ఎన్నమ్మా ఇది? ఎళుందిరు, ఎళుందిరు!” అని అరవంలో లేవమన్నాడు.

లేద్దామనే అనుకున్నాను, ఒట్టు. కానీ కాలు తిమ్మిరెక్కి కొయ్యబారిపోయింది. కదిపితే సూదులు గుచ్చినట్టుంది. అరవకుండా పళ్లు బిగబట్టి, కళ్లు పెద్దవి చేసి ఆయన్నే చూశాను. “అబ్బ, ఈ పిల్లకెంత తెగువే!” అంది రవికగుడ్డల కౌంటరు అక్క. అంతటితో ఆగిందా? తన స్టూలు మీది పెట్టెలు కింద పెట్టి, “నేనూ కూచుంటా సార్. పద్నాలుగేండ్లు నిలబడింది చాలు” అని కూర్చుంది. తర్వాత లుంగీల కౌంటరు కూర్చుంది. ఆ తర్వాత పట్టుచీరలు. బేరమాడుతున్న ఒకావిడైతే, “కూచోనీండి సార్, మాకేం? ఆ నీలం చీర ఇట్లా ఇమ్మా” అని చెయ్యి చాపింది.

నన్నొక వీరవనితగా అందరూ చూస్తుంటే తిమ్మిరి సంగతి చెప్పబుద్ధి కాలేదు. వచ్చిన కీర్తిని ఎవరు కాదంటారు? అయితే ఇంకో సంగతి కూడా ఉంది. ఆ తిమ్మిరి రెండు నిమిషాల్లోనే దిగిపోయింది. కెమెరా ఎదురుగానే ఉన్నాడు, అవ్వ దాచిపెట్టిన నలుగురు పెళ్లికొడుకులూ కళ్లముందు మెదులుతున్నారు. అయినా నేను లేవలేదు. భోజనాల వేళ దాకా అక్కడే కూర్చుని చీరలు అమ్మాను. మొదటి రెండు నిమిషాలు తిమ్మిరివి, మిగతా గంటన్నర నాది. ఆ గంటన్నరంటే నాకు ఇప్పటికీ గర్వమే. ఉద్యోగం పోలేదు. మర్నాటికి పెట్టెలు అలమరల్లోకి వెళ్లిపోయాయి.

ఇప్పుడు గిండీలో ఏసీ ఆఫీసు, గిర్రున తిరిగే మెత్తటి కుర్చీ. మేనేజరు వస్తే చాలు, ఎవరూ చెప్పకుండానే లేచి నిలబడుతున్నాను. అప్పుడు స్టూలు మీంచి లేవని ఆ పద్దెనిమిదేళ్ల పిల్ల చూస్తే ఏమంటుందోనని నవ్వొస్తుంది, కాస్త సిగ్గూ వేస్తుంది.