పడమటి హద్దు

పది రోజుల కిందట, సాయంత్రం టీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే, మా పక్కింటి కోడలు ఒక కాగితం పట్టుకొని వచ్చింది. మదనపల్లెలో మేముండే వీధి చివర, పిల్లలు ఆడుకోవడానికని లేఅవుట్ వేసిననాడే వదిలిన జాగా ఒకటుంది. పోయిన నెల దాని చుట్టూ ఎవరో రేకులు కొట్టేశారు. లోపల పునాది తవ్వుతున్న చప్పుడు మా వంటింట్లోకి వినిపిస్తూనే ఉంది. ఆ జాగా కాగితాల్లో ఎవరి పేరున ఉందో చెప్పమని సమాచార హక్కు కింద అర్జీ పెట్టుకుంటానని, నేను ఒకప్పుడు ఇట్లాంటివి చాలా రాశానని వాళ్ళత్త చెప్పిందని, తప్పులుంటే దిద్దిపెట్టమని అడిగింది. పిల్ల తెలివైనదే. గుండ్రటి దస్తూరి, ఎక్కడా కొట్టివేత లేదు. మూడో పంక్తికి వచ్చేసరికి నేను గ్లాసు కింద పెట్టేశాను. ఆఫీసువాళ్ళకు జాగా గుర్తు తెలియాలని తమ ఇంటి పత్రం ముందు పెట్టుకొని, ఇంటికి నాలుగు హద్దులూ రాసింది. పడమర మాత్రం పత్రంలో ఉన్నట్టు రాయలేదు, ఫలానా వారి స్థలం అని రాసింది. ఆ ఫలానా వారెవరమ్మా అని అడిగితే, "రేకులు కొట్టినాయనే పెద్దమ్మా, ఇప్పుడందరూ ఆయన జాగా అనే అంటాండారు గదా" అంది.

ఇరవై ఏళ్ళ కిందట సరిగ్గా ఇదే పంక్తిని నా చేత్తో నేను రాశాను. దానివల్ల ఏం జరిగిందో ఆ పిల్లకు చెప్పలేకపోయాను. మీకు చెబుతాను. మీలో నా ఈడు వాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఒక ఆఫీసు వరండాలో చేతిలో కాగితంతో నిలబడే ఉంటారు.

మదనపల్లెకు తర్వాత వచ్చాం గానీ, నేను పుంగనూరు కోడలిని. మా మామగారు పత్రాలు రాసేవారు. క్రయం, భాగపరిష్కారం, దానం, ఏది రాసినా ఆయన దస్తూరి చూసే ఇది ఫలానా ఆయన రాసిన పత్రమని జనం గుర్తుపట్టేవారు. ఆయన చూపు మందగించాక, ఇంట్లో కాస్త చదువుకున్నదాన్ని నేనే కాబట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టుకొని చెబుతూ రాయించారు. ఏది మరిచినా క్షమించేవారు గానీ చెక్కుబందీ లేకుండా భూమి మాట రాస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం, ఏ దిక్కున ఎవరి భూమి ఉందో రాయనిదే అది కాగితమే కాదనేవారు. రేపు సర్వే నంబర్లు మారిపోయినా హద్దులు మారవని ఆయన నమ్మకం. ఆయన పోయాక, ఆయన పత్రాలు రాసిన అంగట్లోనే ఒక జిరాక్స్ మిషను పెట్టుకొని, పత్రాలతో పాటు అర్జీలూ రాస్తూ కూర్చున్నాను. మగవాళ్ళు మొదట్లో వింతగా చూసినా, పని బాగుందని అలవాటు పడ్డారు.

అప్పుడే ఆ సమాచార హక్కు చట్టం వచ్చింది. ఆఫీసులో ఉన్న కాగితం మనమూ చూడొచ్చంట, నకలు అడిగితే ఇవ్వాలంట అని జనం మొదట నవ్వుకున్నారు, తర్వాత వరస కట్టారు. రాయడం మాకెవరూ నేర్పలేదు, తప్పులు చేసే నేర్చుకున్నాం. మా వీధికి నీళ్ళు ఎందుకు రావడం లేదు అని రాస్తే, ఎందుకు అన్నదానికి ఈ చట్టంలో జవాబు ఉండదని తిప్పి పంపేవారు. నీళ్ళు వదిలిన రిజిస్టరు నకలు ఇవ్వండి అని రాస్తే మాత్రం ఇవ్వక తప్పేది కాదు. అంటే కారణం అడగకూడదు, కాగితం అడగాలి. ఏ కాగితమో, ఏ నంబరుదో, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకో రాయాలి. అర్జీ ఇచ్చి ఊరికే రాకూడదు, రెండో ప్రతి మీద సీలు, తేదీ, ఇన్‌వార్డు నంబరు వేయించుకొని రావాలి. ముప్పై రోజులు చూడాలి. జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తప్పించుకునేట్టు ఉన్నా పై అధికారికి అప్పీలు పెట్టుకోవాలి. ఇదంతా వచ్చినవాళ్ళకు పాఠంలా చెప్పి పంపేదాన్ని. అంత తెలిసిన మనిషిననే గర్వం నాకు లేదని చెబితే అబద్ధమవుతుంది.

మా మేనత్తది శాంతిపురం దగ్గర పల్లె. భర్త పోయాక ఆమె ఒక్కతే రెండెకరాల మల్బరీ తోట, ఒక పట్టుపురుగుల షెడ్డు చూసుకుంటూ బతికింది. ఆ తోటకు పడమర ఒక కుంట. వానలకు కుంట నిండితే అత్త బావిలో నీళ్ళు ఊరేవి, నీళ్ళుంటే ఆకు, ఆకుంటే పురుగు, పురుగుంటే అత్తకు అన్నం. సెలవులకు వెళ్ళినప్పుడు షెడ్డులో నిలబడితే, పురుగులు ఆకు నమిలే చప్పుడు రేకు మీద సన్నటి వాన పడుతున్నట్టు ఉండేది. అట్లాంటి కుంటలోకి పక్కన గ్రానైటు రాళ్ళు కోసే ఆసామి పనికిరాని బండలన్నీ తెచ్చి పోయించడం మొదలుపెట్టాడు. గట్టు బండల కింద మునిగింది, తర్వాత కుంట చుట్టూ కంచె వేయించాడు. మల్బరీ ఆకు మీద తెల్లటి దుమ్ము పేరుకుంటే పురుగులు తినక తలలెత్తి ఊరికే ఊగుతున్నాయని చెప్పడానికే అత్త రెండు బస్సులు మారి పుంగనూరు వచ్చింది.

ఆమె అడిగింది ఒక్కటే. "ఆ కుంట ఎవురి పేరున ఉండాదో సెప్తే సాలు పాపా, నేనేం కొట్లాడను." సర్కారు కుంట అని కాగితంలో ఉంటే, ఆ కాగితం చూపించి బండలు తీయించొచ్చని ఆమె ఆశ. నేను తెల్లకాగితం తీసి, మామగారు నేర్పిన దస్తూరితో, కుంట సర్వే నంబరు వేసి, రికార్డు నకలు ఇవ్వవలసిందని రాశాను. అంతటితో ఆపి ఉంటే సరిపోయేది. చెయ్యి ఆగలేదు. భూమి మాట వచ్చింది కాబట్టి అర్జీదారు తోటకు చెక్కుబందీ రాశాను. పడమర ఎవరిదత్తా అని అడిగితే, ఆమె విసుగ్గా, ఇంకెవరిది, ఆ రాళ్ళాయనదే అయిపోయింది గదా అంది. మనిషి బాధతో అన్న మాట అది. నేను దాన్ని హద్దు చేసి, పడమర ఫలానా వారి రాళ్ళ స్థలం అని అందంగా రాసేశాను. అత్త ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ కింద సంతకం పెట్టింది.

అర్జీ ఇచ్చిన నాలుగో రోజు మధ్యాహ్నం, అంగట్లో నేను ఒక్కదాన్నే ఉండగా ఒకాయన బండి దిగి లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మర్యాదైన మనిషి. జేబులోంచి మడత కాగితం తీసి మూడు కాపీలు కావాలన్నాడు. మిషను మూత ఎత్తి కాగితం పెట్టబోతూ చూస్తే, అది నా దస్తూరి. అత్త అర్జీ. ఆఫీసులో ఇచ్చిన కాగితానికి జవాబు రాకముందే దాని నకలు ఆయన జేబులో ఉంది. పడమర అన్న పంక్తి కింద ఎర్ర సిరాతో గీత గీసి ఉంది. ఆ పంక్తిలో నేను రాసిన రాళ్ళాయన ఈయనేనని అప్పుడు తెలిసింది. ఆయన మాత్రం నవ్వుతూ, "అచ్చరాలు శానా బాగుండాయమ్మా. ఈడ కాపీలు బాగా పడతాయంటే అంత దూరం నుంచి వచ్చినా" అన్నాడు. డబ్బులిచ్చాడు. మూడింట్లో ఒకటి బల్ల మీదే వదిలి, ఇది నీ దగ్గరే ఉండనీ అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ ఎర్ర గీత అర్థం నాకు ఆరోజు తెలియలేదు. తన పేరు రాశానని కోపంతో గీసుకున్నాడనుకున్నాను. భయమైతే మొదలైంది. ఆ నెలంతా అంగడి ముందు ఏ బండి ఆగినా తలెత్తి చూసేదాన్ని. అక్కడ అత్త తోట గట్టు మీద రోజూ ఎవరో ఒకరు వచ్చి కూర్చొని, ఏమీ అనకుండా, బీడీ కాల్చుకొని పోయేవారట. పాలు పోసే మనిషి మానేశాడు. ఆకు కోతకు వచ్చే ఆడవాళ్ళు ఒళ్ళు బాగాలేదనడం మొదలుపెట్టారు. ఎవరూ ఒక్క చెడ్డ మాట అనలేదని అత్త చెప్పింది. ఆమె తిట్లకు భయపడే మనిషి కాదు, ఆ మౌనానికే భయపడింది.

ఇరవై తొమ్మిదో రోజు జవాబు వచ్చింది. సదరు రికార్డు వెతికినా లభ్యం కాలేదని రెండు పంక్తులు. నేను ఊరుకోలేదు. అప్పీలు రాశాను. మదనపల్లెలో ఒక పై ఆఫీసులో విచారణకు పిలిచారు. అత్తను తీసుకొని, ఏదో గెలవబోతున్నట్టు కొత్త చీర కట్టుకొని వెళ్ళాను. ఆ మర్యాదైన మనిషి మాకంటే ముందే వచ్చి బెంచీ మీద కూర్చొని ఉన్నాడు. లోపల అధికారి ఎర్ర గీత ఉన్న కాగితాన్ని నా వైపు తిప్పి, పడమర ఆయన స్థలమేనని అర్జీదారే ఒప్పుకొని సంతకం పెట్టింది కదా, రికార్డు దొరకనప్పుడు ఉన్న కాగితం ఇదే కదా అన్నాడు. ఆయన గొంతులో కోపం కూడా లేదు. అది మాట వరసకు రాసిందండీ అని నేనేదో గొణిగాను. మాట వరసకు రాసినదాన్నీ ఫైల్లో పెట్టారు. దానికీ ఒక నంబరు పడింది. కుంటను కుంట అని చెప్పే కాగితం కనిపించకుండా పోయిన చోట, రాళ్ళ స్థలమని చెప్పే కాగితం నేనే తయారుచేసి ఇచ్చాను.

బస్టాండులో కుప్పం బస్సు కోసం కూర్చున్నప్పుడు నేను ఏడ్చాను. అత్త తిట్టి ఉంటే బాగుండేది. కొంగుముడి విప్పి బస్సు డబ్బులు లెక్కపెట్టుకుంటూ, "నువ్వు రాసినావు, నేను సంతకం పెట్టినాను. ఇద్దురికీ సదువొచ్చు గదా పాపా" అంది. అంతకుమించి ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. మరుసటేడు ఎండలకు బావి అడుగు తేలింది. తోట ఆ ఆసామికే అమ్ముడుపోయింది. అత్త గుడుపల్లెలో చెల్లెలింటికి చేరి, అక్కడే కన్నుమూసింది. షెడ్డులో పురుగులు పెంచే తట్టలు ఎవరికో ఇచ్చేశారట, నేను చూడలేదు.

ఇప్పుడు కుప్పం వైపు బస్సులో వెళ్ళినప్పుడల్లా కిటికీలోంచి చూస్తాను. కుంట ఉండేదంటే ఆ ఊరి పిల్లలే నమ్మరు. నునుపు బండలు వరసగా నిలబెట్టి ఉంటాయి, ఎండకు మెరుస్తుంటాయి. అర్జీలు కూడా మారిపోయాయి. ఫోనులోనే పెట్టొచ్చంటారు, దస్తూరి చూసి ఎవరు రాశారో కనిపెట్టేవాళ్ళే లేరు. మా మామగారి కాలంలో పత్రం రాసినవాడు కింద ఫలానా వాడు వ్రాసినది అని తన సంతకమూ పెట్టేవాడు, మాట తేడా వస్తే ఊరంతా అతణ్ణి అడిగేది. నేను అత్త అర్జీ మీద ఆ మాట రాయలేదు. అర్జీలకు అట్లా రాసే వాడుక లేదని అప్పట్లో నన్ను నేను సమాధానపరచుకున్నాను. ఈ ఇరవై ఏళ్ళలో నన్ను ఎక్కువగా కోసింది అదే.

ఆ పిల్ల కాగితం మీద హద్దులన్నీ కొట్టేశాను. లేఅవుట్ నంబరు ఒక్కటి చాలన్నాను. తర్వాత కింద వాళ్ళ పేరు, తలుపు నంబరు చూశాను. జవాబు రావాలంటే చిరునామా ఉండాలి, బండి మీద వచ్చేవాడికీ అదే దారి చూపిస్తుంది. ఆమెకు ఇద్దరు చంటిబిడ్డలు. కాగితం మడిచి పక్కన పెట్టి, కొత్తది తీసుకొని, మొదటి నుంచి నా పేరుతో, నా చిరునామాతో రాశాను. దస్తూరి ఇంకా పోలేదు. మరునాడు నేనే ఆఫీసుకు వెళ్ళి రెండో ప్రతి మీద సీలు వేయించుకొని వచ్చాను.

నిన్న మధ్యాహ్నం మా గేటు ముందు ఒక బండి ఆగింది. వచ్చినాయన దిగకుండానే, చాలా మర్యాదగా, ఆ జాగా గురించి అర్జీ పెట్టింది ఈ ఇంట్లోవాళ్ళేనా అమ్మా, ఎవరు రాసిచ్చారు అని అడిగాడు. రాసిందీ నేనే, సంతకం పెట్టిందీ నేనే అని చెప్పాను.