నారాయణగూడ రాగానే ఆగే బండి

నా మోటార్ సైకిల్‌కు ఇరవై నాలుగేళ్లు. అశోక్‌నగర్ నుంచి బషీర్‌బాగ్‌కు దాని మీద నేను తిరిగిన దూరం కొలిస్తే భూగోళాన్ని రెండుసార్లు చుట్టి, మూడోసారి సగంలో టీ తాగడానికి ఆగినంత ఉంటుంది. అలాంటి బండికి పోయిన ఏడాది వానలు తగ్గాక ఒక రోగం పట్టుకుంది.

పొద్దున మొదటి కిక్కుకే లేచేది. చిక్కడపల్లి దాటేదాకా మహారాజులా నడిచేది. నారాయణగూడ చౌరస్తా రాగానే రెండు దగ్గులు దగ్గి ప్రాణం విడిచేది. అది కూడా రోడ్డు పక్కన కాదు, సరిగ్గా నడిమధ్యలో! వెనక బస్సు, దాని వెనక ఇంకో బస్సు, వాటి వెనక విజయవాడ దాకా నిలబడిపోయిన బండ్లు, అందరి వేళ్లూ హారన్ల మీదే.

నేను దిగి బండిని తిట్టేవాణ్ని. దాన్ని తయారుచేసినవాణ్ని, పెట్రోలు పోసినవాణ్ని, హారన్ కొట్టినవాణ్ని, కొట్టకుండా జాలిగా చూసినవాణ్ని కూడా తిట్టేవాణ్ని. పది నిమిషాలు తిడితే బండి మళ్లీ లేచేది. నా తిట్లకు భయపడే లేస్తోందని కొన్నాళ్లు నమ్మాను.

వెనక సీటు మీద మా ఆవిడ ఉండేది. బషీర్‌బాగ్‌లోని ఆమె ఆఫీసుకు పద్దెనిమిదేళ్లుగా నేనే దింపుతున్నాను. బండి నాలుగోసారి ఆగిన రోజు ఆమె దిగి, కొంగు సర్దుకుని, షేర్ ఆటో ఎక్కి వెళ్లిపోయింది. మర్నాడు ఇంటి దగ్గరే ఆటో ఎక్కేసింది. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి నా వీపు వెనక గాలి తప్ప ఏమీ లేదు. ఆ సీటు మళ్లీ నిండాలి, నాకింకేమీ అక్కర్లేదు.

చిక్కడపల్లి గల్లీలో నా మెకానిక్ ఉన్నాడు.

"ఇంజన్ గరమైతే ఆగుతున్నదన్నా" అన్నాను.

అతను ఒక్క కిక్కు కొట్టాడు. బుర్రుమంది. "ఏమైంది సార్ దీనికి? బంగారం లెక్కున్నది!"

"ఈడ బంగారమే. నారాయణగూడల ఇత్తడైతది."

ప్లగ్గు మార్చాడు. నారాయణగూడలో ఆగింది. కార్బురేటర్ విప్పి పసిపిల్లకు పోసినట్టు పెట్రోలుతో స్నానం చేయించాడు. ఆగింది. "వేడికి కాయిల్ ఖతమైతున్నది సార్, పక్కా" అని కాయిల్ మార్చాడు. కొత్త కాయిల్‌తో మరింత హుందాగా ఆగింది. జ్వరం ఉన్నప్పుడు చూడమందామంటే, జ్వరం దిగితే గానీ ఆ రోగి కదలదు. అతని దగ్గరికి చేరేసరికి పెళ్లికొడుకులా ఉండేది. ఇక అశోక్‌నగర్ టీ కొట్టు దగ్గర గ్రూప్స్‌కు చదివేవాళ్లను అడిగితే, నాలుగు జవాబులు చెప్పి సరైనది గుర్తించమన్నారు.

"బండికన్న మీరే ఎక్కువ గరమైతున్నరు సార్" అన్నాడు మెకానిక్ ఒకరోజు.

"నేను గరమైతున్న గానీ, రోడ్డు మీద ఆగిపోతలేను కదా!"

ఏడో రోజు ఒంటరిగా వెళ్తుంటే నారాయణగూడకు కొంచెం ముందే, కొత్తగా కడుతున్న ఓ బిల్డింగు ఎదుట ఆగింది. పెట్రోలు ఉందో లేదో చూద్దామని, పాము తల పట్టుకున్నంత కసిగా ట్యాంకు మూత పట్టుకుని తిప్పాను. ఉస్సుమంది. ఉన్న తిట్లన్నీ అయిపోయి, అప్పటికప్పుడు కొత్తవి కనిపెట్టడం మొదలుపెట్టాను.

డ్రమ్ముకు పైపు తగిలించి కొత్త గోడకు నీళ్లు పడుతున్న ఒకామె, యాస చూస్తే పాలమూరు మనిషి, పైపు పక్కన పెట్టి అడిగింది.

"ఏంది సారూ, గంతగనం తిడ్తున్నవ్? నోరు లేనిదాన్ని."

"రోజూ ఇట్లనే సతాయిస్తున్నదక్కా."

"మూత తీస్తే ఉస్సుమన్నది, ఇనలేదా? మా డ్రమ్ము గూడ గంతే. మూత గట్టిగ పెడితే పైపుల నీళ్లు రావు. లోపలికి గాలి పోవాలె గద. జర వదులుగ పెట్టి చూడు."

వదులుగా పెట్టాను. ఒక్క కిక్కుకు లేచింది. బషీర్‌బాగ్ వెళ్లాను, వచ్చాను. నారాయణగూడ చౌరస్తా చుట్టూ ఆరు ప్రదక్షిణలు చేశాను. ఇంజన్ మీద దోసె పోయొచ్చు, అంత వేడి. అయినా ఆగలేదు! ఇన్నాళ్లూ మేమందరం వేడిని అన్యాయంగా బోనెక్కించాం. పెట్రోలు తగ్గేకొద్దీ ఆ చోటికి గాలి రావడానికి మూతకు సూది మొనంత చిల్లు ఉంటుంది. అది మూసుకుపోతే కాసేపటికి పెట్రోలు కిందికి దిగదు; పది నిమిషాలు ఆగితే సందుల్లోంచి కాస్త గాలి చేరి మళ్లీ దిగుతుంది. ఆ కాసేపట్లో ఇంజనూ వేడెక్కుతుంది, నేరం దాని మీద పడుతుంది.

మెకానిక్ పిన్నీసుతో చిల్లు గీకితే రాయిలా గట్టిపడ్డ గంధం రాలింది, కుంకుమతో సహా. "దసరాకు పూజ జోరుగ చేసిన్రు సార్" అన్నాడు.

సింహంలా ఇంటికి వెళ్లాను. "బండి మూత మీద గంత గంధం ఎవరు మెత్తిన్రు?"

మా ఆవిడ తలెత్తకుండానే చెప్పింది. "బొట్టంటే గల్లీ చివరికెల్లి కనవడాలె అని గిన్నె గుంజుకొని మీరే మెత్తిన్రు. నేను టైర్ల కింద నిమ్మకాయలు పెట్టిన, గంతే."

సింహం కుర్చీలో కూర్చుంది. "సరే, బాగైంది. రేపటికెల్లి ఎక్కు."

"ఎక్క."

"ఆగదంటున్న గదా!"

"ఆగుతదని దిగలే నేను. బండి ఆగితే పది నిమిషాలు లేటైతది, ఏం మునిగిపోతది? మీరు లేపే నోటికి చౌరస్త మొత్తం నా దిక్కు చూస్తది. ఆటోల మీద మీద కూసొని పోతం, ఒక్కలు గూడ ఒర్లరు. మస్తు హాయిగున్నది."

నా గొంతులో ముప్పై జవాబులు లేచాయి. ముప్పై కూడా అరిచి చెప్పేవే. ఆమే అంది. "రేపొక్క రోజు చూస్త. నోరు లేసిందంటే మళ్ల ఆటోనే."

మర్నాడు నారాయణగూడలో బండి ఆగలేదు. ఆటో ఒకటి సిగ్నల్ తప్పించుకుని నా ముక్కు ముందు నుంచి దూసుకుపోయింది. పెదవులు కుట్టేసినట్టు బిగించాను. వెనక నుంచి మా ఆవిడ నా వీపు మీద వేలితో పొడిచింది.

"లోపల తిడ్తున్నరు గదా?"

లేదన్నాను. అప్పటికి ఆ ఆటోవాడి ముత్తాత దాకా వచ్చాను.