లూసీ తగిలించిన ఎర్ర బిళ్ళ

భిలాయి-3లో లూసీ టీచరు కోపం ఎరగనివాళ్ళు లేరు. ముక్కు మీద కోపం అంటారే, ఆవిడకది నాలుక చివరే ఉండేది. రైలు కనుచూపు మేరలో లేకుండానే గేటు వేశాడని గేట్‌మన్‌తో తగువు. సుద్దముక్కలు పొడిపొడిగా రాలుతున్నాయని హెడ్‌మాస్టరుతో తగువు. ఆదివారం పాస్టరుగారు ప్రసంగం సాగదీస్తే, ప్రార్థన అయ్యేదాకా ఓపికపట్టి, బయట మెట్ల మీద ఆయనతోనూ తగువే. ఉక్కు ప్లాంటు కోక్ ఓవెన్స్‌లో బొగ్గు వేడికి కాగి కాగి రిటైరైన తండ్రి బాలశౌరి మాత్రం నవ్వేవాడు. "ప్లాంటు మంట నేను ఇంటికి తేలేదు బాబూ, ఇది దేవుడు విడిగా ఇచ్చిన మంట" అనేవాడు. ఉన్నమాట చెప్పుకోవాలంటే, ఆ తగువుల్లో చాలావాటిలో న్యాయం ఆవిడ వైపే ఉండేది. అందుకే ఎవరికీ నచ్చేది కాదు.

ఆవిడ పనిచేసే బడికి ప్లాంటు పర్మినెంటు ఉద్యోగుల పిల్లలు రారు. వాళ్ళకు టౌన్‌షిప్‌లో సెక్టారు బడులున్నాయి. ఇక్కడికి వచ్చేది ఠేకేదారులనే కాంట్రాక్టర్ల కింద రోజుకూలీ చేసేవాళ్ళ పిల్లలు, రైలు పట్టాల గ్యాంగుల పిల్లలు. ఎనభైల్లో ఏదో సర్కారు పథకం కింద ఈ బడికి కొన్ని కంప్యూటర్లు వచ్చాయి. టీవీకి తగిలిస్తే పనిచేసే రకం. ఇచ్చినవాళ్ళు ఇచ్చిన మర్నాడే మరిచిపోయారు. తొంభై నాలుగు నాటికి అవి ఇంకా బతికున్నాయంటే, లూసీ వాటి మీద దుమ్ము పడనివ్వలేదు కాబట్టి, మైనా ఉంది కాబట్టి.

మైనా అంటే పిట్ట కాదు. పిల్లలు కంప్యూటర్ మీద ప్రోగ్రాములు రాసుకోవడానికి కావలసిన సరంజామా అంతా కలిపి ఆ పేరు. రాసుకునే పలక అందులోనే, నడిపి చూసుకునే పద్ధతీ అందులోనే, బొమ్మలు గీసే ఆదేశాలూ అందులోనే. దాని గొప్పంతా ఒక్క మాటలో ఉంది. ఒక రకం కంప్యూటర్ మీద రాసిన ప్రోగ్రాం అక్షరం మార్చకుండా ఇంకో రకం దాని మీద నడవాలి. పాతదైనా కొత్తదైనా, పేదదైనా గొప్పదైనా ఒకటే నడక. పుణే వైపు లెక్చరరు ఒకాయన దాన్ని రాసి, లోపలి గుట్టంతా బయటపెట్టి, ఎవరైనా వాడుకోండి, ఎవరైనా బాగుచేసుకోండి అని ఊరికే ఇచ్చేశాడు. తరువాత మంచి ఉద్యోగం దొరగ్గానే దాని మొహం చూడటం మానేశాడు. ఉచితంగా వచ్చినదాన్ని వాడుకోవడానికి ఊళ్ళకు ఊళ్ళు ముందుకొస్తాయి గానీ, చెడితే బాగుచెయ్యడానికి ఎవడొస్తాడు? పదిమందిలో పాము చావదని ఊరికే అన్నారా? చివరికి ఆ బరువు భిలాయిలో ముగ్గురి నెత్తిన పడింది.

ఒకరు రుఆబాంధా సెక్టారులో ఉండే యజ్ఞనారాయణ. సొంతూరు శ్రీకాకుళం దగ్గర. ప్లాంటులో మీటర్లూ గేజీలూ చూసే విభాగంలో పెద్ద మనిషి. ఆఫీసులో ఉన్న యూనిక్స్ కంప్యూటర్ మీద మైనా నడిచేలా చూడటం ఆయన వంతు. రెండోవాడు మనోజ్‌కుమార్, భిలాయిలోనే పుట్టి పెరిగిన కుర్రాడు, హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో కంప్యూటర్ పని. కొత్త పీసీల వంతు అతనిది. పాత పెట్టెల వంతు లూసీది. ఆదివారం మధ్యాహ్నాలు యజ్ఞనారాయణ క్వార్టర్లో కూర్చుని, ఎవరు ఏం మార్చారో చెప్పుకుని, పోట్లాడుకుని, తయారైనదాన్ని ఫ్లాపీల మీద ఎక్కించి ఊరూరా బడులకు పోస్టులో పంపేవాళ్ళు.

వాళ్ళ పద్ధతి ఒకటుంది, అది ప్లాంటు నుంచి తెచ్చుకున్నది. మిల్లులో ఏ మోటారైనా బాగుచెయ్యాలంటే ముందు కరెంటు ఆపుతారు. దాని మీద పనిచేసే ప్రతి గ్యాంగూ స్విచ్చుకు తన ఎర్ర బిళ్ళ తగిలిస్తుంది. తగిలించినవాడే దాన్ని తియ్యాలి. చివరి బిళ్ళ దిగేదాకా జనరల్ మేనేజరొచ్చి నిలబడ్డా కరెంటు ఇవ్వరు. ఇస్తే ఏమవుతుందో భిలాయిలో ప్రతి వీధికీ తెలుసు. యజ్ఞనారాయణ ఆ ఆచారాన్నే తన ముందుగది గోడ మీదికి తెచ్చాడు. వరసగా మేకులు కొట్టాడు. తన రకం కంప్యూటర్ మీద మైనా ఇంకా సరిగ్గా నడవడం లేదనుకున్నవాళ్ళు తమ మేకుకు ఎర్ర రేకు బిళ్ళ తగిలించాలి. ఒక్క బిళ్ళ ఉన్నా కొత్త మైనా గడప దాటకూడదు. కొత్తగా చేరిన ట్రైనీలకు ప్లాంటులో సేఫ్టీ క్లాసులు చెప్పేది కూడా ఆయనే. ఆయన మాట మీద లూసీకి అంత నమ్మకం ఉండేది. ఆయనతో ఒక్కరోజైనా తగువు పెట్టుకోలేదు.

ఆ ఏడు వానాకాలం అయ్యాక మనోజ్ కోణాలు లెక్కగట్టే పద్ధతి మార్చాడు. పీసీల మీద బొమ్మలు పరుగులు పెట్టాయి. పాత పెట్టె పెద్ద అంకెలు మొయ్యలేదు, అందుకని అక్కడ మలుపు మలుపుకూ రవ్వంత తేడా మిగిలిపోయేది. ఒక్క మలుపులో కంటికి ఆనదు. మలుపులు కూడేకొద్దీ గీత బయల్దేరినచోటికి చేరదు. లూసీ అది పట్టుకుంది, తన మేకుకు బిళ్ళ తగిలించింది. "తమ్ముడి పెళ్ళి చూసుకుని వచ్చి సరిచేస్తాను బాబాయ్" అని యజ్ఞనారాయణతో చెప్పి, తండ్రిని తీసుకుని తెనాలి రైలెక్కింది.

తిరిగివచ్చి బడికి వెళ్ళేసరికి, ఎప్పుడూ కంప్యూటర్ వదలని అమ్ము అనే పిల్ల ఆ గదిలో లేదు. కుట్టుపని నేర్పే గదిలో, అందరికంటే వెనక కూర్చునుంది. అమ్ము తండ్రి ప్లాంటులో స్లాగ్, అంటే కొలిమి చిట్టెం, మోసే కూలీ. ఆ పిల్ల మొత్తం వానాకాలం కూర్చుని మైనాలో ఒక పొద్దుతిరుగుడు పువ్వు గీసింది. రేకు వెనక రేకు తిరిగి, చివరి రేకు మొదటిదాన్ని తాకి మూసుకునే పువ్వు. దాన్ని చూసి గేట్‌మన్ కూడా ఆశ్చర్యపోయాడు.

"ఇక్కడేం చేస్తున్నావే?" అంది లూసీ.

"నాకు కంప్యూటర్ రాదు టీచర్" అంది అమ్ము, సూది వైపు చూస్తూ.

"ఎవరన్నారు?"

"ఎవలూ అన్లేదు. పువ్వు మూసుకోట్లేదు. నేనే గల్తీ రాసినాను. చెరిపీసి మళ్ళీ రాసినాను. మళ్ళీ గల్తీయే. అప్పుడు పూరా చెరిపీసినాను. మా అమ్మ అన్నాది, లెక్కలు మనలాటోళ్ళకి రావంట."

లూసీ కంప్యూటర్ గదిలోకి వెళ్ళి, ఒక పెట్టె ఆన్ చేసి, అలాంటి పువ్వుకే నాలుగు వరసలు తనే రాసి నడిపింది. రేకు తిరిగింది, తిరిగింది, చివరికి మొదటి రేకుకు వేలెడు దూరంలో ఆగిపోయింది. తప్పయిందని తెర మీద ఒక్క మాట లేదు. హెడ్‌మాస్టరు గుమ్మంలోకి వచ్చి, కొత్త మైనా వచ్చిందనీ, మనోజ్ స్వయంగా తెచ్చిచ్చాడనీ, పాత ఫ్లాపీల మీదే ఎక్కించేశామనీ సంతోషంగా చెప్పాడు. ఆయనకు సమాధానంగా ఒక్క తిట్టయినా పడకపోయేసరికి ఆయనే కంగారుపడ్డాడు. లూసీ సంచీ తీసుకుని, బడి విడవకముందే టెంపో ఎక్కేసింది.

దారిపొడుగునా ఆవిడకు అమ్ము సూదే కనపడింది. సరిగ్గా రాసిన పిల్ల, తప్పు రాశాననుకుని, సరైనదాన్నే తన చేత్తో తుడిచేసింది. యంత్రం అబద్ధం చెబితే పిల్ల నమ్మింది. నమ్మడమే నేర్పింది తను.

రుఆబాంధాలో యజ్ఞనారాయణ అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. మనోజ్ కూడా అక్కడే ఉన్నాడు. గోడ మీద మేకు ఖాళీగా ఉంది. లూసీ చెప్పులు కూడా విప్పలేదు.

"నా బిళ్ళ ఎవరు తీశారు?"

"దీదీ, బైఠియే, ముందు కూర్చోండి" అన్నాడు మనోజ్.

"నిన్నడగలేదు."

యజ్ఞనారాయణ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "నేనే తీసీసేనమ్మా. సెక్టారు బడుల పెద్దలు కబురంపేరు. అన్ని బడుల్లోనూ మైనా పెడతారట, కొత్తది చూపించమన్నారు. నువ్వేమో ఊర్లో లేవు. నువ్వొచ్చి ఎలాగూ సరిచేసీస్తావు, ఈలోగా పంపీసినా ఏటైపోద్ది అనుకున్నాను. మన లూసీయే గదా, ఏటీ అనుకోదులే అనుకున్నాను."

"మన లూసీయే కదా!" అంది ఆవిడ. "మిల్లులో మోటారు మీద ఒకడి బిళ్ళుంటే, వాడు ఊళ్ళో లేడని తీసేస్తారా బాబాయ్? మనవాడే కదా, ఏమీ అనుకోడని కరెంటు ఇచ్చేస్తారా?"

"అదీ ఇదీ ఒకటేటమ్మా? అక్కడ పేణం పోద్ది."

"ఇక్కడేం పోయిందో తెలుసా మీకు?"

అమ్ము సంగతి చెప్పింది. చెబుతున్నంతసేపూ గొంతు తగ్గలేదు. పక్క క్వార్టర్ వాళ్ళు గోడ దగ్గరికి వచ్చారు. రానివ్వండి, వినండి అన్నట్టు ఇంకా గట్టిగా చెప్పింది.

"లేకిన్ దీదీ, క్రాష్ అవలేదు కదా?" అన్నాడు మనోజ్. "ఎర్రర్ కూడా రాలేదు కదా?"

"క్రాష్ అయితే దణ్ణం పెట్టేదాన్ని! ఆగిపోతే మిషన్ చెడిందని పిల్ల నవ్వుకుని ఇంటికి పోయేది. ఇది చక్కగా నడిచి, చక్కగా తప్పు చూపించింది. పిల్ల ఎవర్ని అనుమానిస్తుంది? తననే కదా!"

మనోజ్‌కూ ఒళ్ళు మండింది. "అరే, ఆ కబాడీ, ఆ పాత తుక్కు సామాను కోసం ఎన్నాళ్ళు ఆగాలి అందరూ? మేమిద్దరం సరే అంటున్నాం, మీరొక్కరే కాదంటున్నారు. ఓటేసుకుందాం."

"ఓటా? సెక్టారు బడుల్లో పిల్లలున్నవాళ్ళంతా ఓటేస్తే, మా బడికి మిగిలేది కుట్టుపనే! ఏది కబాడీ? పెట్టెలా, వాటి ముందు కూర్చునే పిల్లలా? దాచుకోకుండా చెప్పు!"

టీ గ్లాసులతో వచ్చిన అహల్య, యజ్ఞనారాయణ భార్య, వాటిని బల్ల మీద పెట్టకుండానే నిలబడింది. "ఆ బిళ్ళ తీసిననాడే అడిగేను," అంది భర్తతో. "లూసీ వచ్చీసిందా అని. వచ్చీస్తాదిలే అన్నారు. అన్ని నీతులు చెప్పే మనిషి, అంత తేలిగ్గా ఎలగ తీసేరో నాకు బోధపడలేదు."

కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? యజ్ఞనారాయణ ఆ మేకు వైపు చూడలేక కాళ్ళ వైపు చూసుకున్నాడు. "ఏటి చెయ్యమంటావు?" అన్నాడు.

"కొత్తది వెనక్కి తీసుకోండి. ఎక్కడెక్కడికి పంపారో అన్ని బడులకూ రాయండి, వాడొద్దని, తప్పు మాదని. సెక్టారు పెద్దలకు కూడా చెప్పండి. ఆ తరువాత మా బడికొచ్చి అమ్ముకు చెప్పండి. నా నోటితో కాదు, మీ నోటితో."

"పిల్లదానికి నువ్వు చెబితే సరిపోదా?"

"నేను తియ్యలేదు కదా బిళ్ళ."

లూసీ టీ తాగకుండా వచ్చేసింది. తాగి రమ్మని అహల్య రెండుసార్లు అంది. ఆ ఇంట్లో టీ ముట్టకుండా లూసీ వెళ్ళడం అదే మొదలు.

యజ్ఞనారాయణ లూసీ అడిగిన ప్రకారం చేశాడు, అది ఒప్పుకోవాలి. ఊరూరికీ రాశాడు. సెక్టారు పెద్దల దగ్గరికి వెళ్ళి, ఇది ఇంకా తయారవలేదని చెప్పాడు. వాళ్ళు నెల కూడా ఆగలేదు. పీసీల మీద మాత్రమే నడిచే కంపెనీ సరుకేదో కొనుక్కుని, మైనా సంగతి వదిలేశారు. మనోజ్ ఆదివారాలు రావడం మానేశాడు, దారిలో కనపడినా నమస్తే లేదు. "నీ కోపం కాలిపోను, ఇంటి కప్పే తగలెట్టుకున్నావు కదే" అన్నాడు బాలశౌరి. లూసీ తండ్రి మీద కూడా విసుక్కుంది. సెక్టారు బడులు పోతే పోయాయి. తన పిల్లల్ని మెట్టుగా చేసుకుని ఎక్కే మేడ ఎంత ఎత్తైతే మాత్రం ఎవరికి కావాలి? కోణాల లెక్కను తనే సరిచేసి, బడిలో పెట్టెలన్నింటికీ ఎక్కించింది. కోపం మాత్రం దిగలేదు.

అప్పుడొచ్చాడు యజ్ఞనారాయణ, ఉతికిన చొక్కా వేసుకుని, ఆఫీసరు ముందుకు వెళ్ళే మనిషిలా. లూసీ కుట్టుగదిలోంచి అమ్మును పిలిపించింది. ఆయన ఆ పిల్ల పక్కన పొట్టి స్టూలు మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

"తప్పు నీది కాదమ్మా," అన్నాడు. "నీ పువ్వు నువ్వు బాగానే రాసేవు. మిషనుకి మేం తప్పుది ఎక్కించీసేం. మేమని కాదు, నేనే."

అమ్ము ముందు ఆయన్ని చూసింది, తరువాత టీచర్ని చూసింది. "అంటే నేను చెరిపీసింది సహీదేనా?"

"సరైనదే."

"మరదెలా వస్తాది ఇప్పుడు?"

"మళ్ళీ రాసీదాం. నేనూ కూకుంటాను నీతో."

"నాకు యాద్ లేదు," అంది అమ్ము. "గల్తీ అనుకున్నాను గదా. మర్చిపోదామని మర్చిపోయినాను."

యజ్ఞనారాయణ, సర్దిచెప్పమని ఇంటి ఆడపిల్ల వైపు పెద్దవాళ్ళు చూసినట్టు, లూసీ వైపు చూశాడు. లూసీ ఆయనకు మాట అందించలేదు. వాళ్ళిద్దర్నీ అలాగే కూర్చోబెట్టి, గది తలుపు తెరిచే ఉంచి, తన క్లాసుకు వెళ్ళిపోయింది.