కింద పడ్డ రొట్టె

మా ఆయన పోయాక బహ్రెయిన్ వచ్చి ఒక ముసలమ్మను చూసుకున్నాను. ఆమెది టాలిన్ అనే ఊరు. పాత రాతిగోడ ఉన్న ఓడరేవు, వాళ్ల దేశానికి రాజధాని, చలికాలం ఒడ్డున సముద్రం గడ్డకడుతుందని ఆమె కూతురు చెప్పేది. ముసలమ్మ ఊరి ఊసే ఎత్తేది కాదు. నల్లరొట్టె ముక్క కింద పడితే మాత్రం వంగి తీసి, ముద్దుపెట్టుకుని తినేది.

"రొట్టెకు ముద్దేందక్కా?" అని నవ్వాడు ఆ ఇంటి డ్రైవరు, జగిత్యాల పిల్లగాడు.

"పడ్డ మెతుకును నువ్వు కండ్లకు అద్దుకోవారా? గిదీ గంతే."

తర్వాత ఆమెకు మతి తప్పింది. ఊరిని మరిచింది, కూతుర్ని మరిచింది, చివరికి తినడమూ మానేసింది. ఇలాగే ఉంటే ముక్కులో గొట్టం వేయాల్సిందేనని డాక్టరు చెప్పాడు. కూతురు ఎంత బతిమాలినా ముసలమ్మ మొహం తిప్పుకుంది.

నేను తినిపించబోతుంటే ముక్క జారి నేల మీద పడింది. ఆమె కుర్చీలోంచి మెల్లగా వంగింది. తీసింది, ముద్దుపెట్టుకుంది, నోట్లో వేసుకుంది.

ఆ రోజు నుంచి పూటపూటా ఆ కుర్చీ ముందు నేలను అద్దంలా తుడిచేదాన్ని. పూటపూటా నా చేతిలోంచి రొట్టె జారేది.