గుట్ట మీద హాజరు

తప్పు నాదే. ట్యూషన్‌కు రాని పిల్లను వచ్చినట్టు పలికించాను. అది చిన్న తప్పు. దొరికిపోయాక కూడా ఐదు నిమిషాలు నోరు మూసుకుని కూర్చున్నాను చూడండి, అది పెద్దది.

మల్లీశ్వరక్క గురించి రాయాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి. మా ఊరు నార్కట్‌పల్లికి నాలుగు కిలోమీటర్లు. వాళ్ల గొర్రెల దొడ్డి పక్కన రేకుల షెడ్డులో గొంగడి పరుచుకుని ఆమె పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంది. పదో తరగతి ఇంగ్లీషులో రెండుసార్లు తప్పిన మనిషి. అయినా ఇంగ్లీషులో సబ్జెక్టుకూ వెర్బుకూ పొత్తు కుదర్చడంలో మా వైపు ఆమెను మించినవాళ్లు లేరు. ఇరవై రెండేళ్ల నేను కానిస్టేబుల్ పరీక్ష పేరు చెప్పి ఆరో తరగతి పిల్లల మధ్య కూర్చునేవాణ్ని. మిగతా చదువంతా ఫోన్‌లో నేర్చుకున్నదే.

రెండోసారి తప్పినప్పుడు వాళ్ల నాయిన ఐలేశం ఆమెను గొర్రెల వెంట ఈదుల గుట్టకు తోలాడట. ఆమె చినిగిన గైడొకటి చంకలో పెట్టుకుపోయింది. గైడులోని సబ్జెక్టులను గుట్ట మీదికి అరిచేది. “ద బాయ్” అంటే గుట్ట కూడా “ద బాయ్” అనేది. రెండేళ్లు ఇదే చదువు.

“మొదట్ల మస్తు భయమవుతుండె రా ఎల్లేశా,” అని చెప్పింది ఒకసారి. “నేనడిగింది తిప్పి నన్నే అడుగుతుండె. గుట్టకు నా గొంతు వచ్చు గని జవాబు రాదు. జవాబు నేనే చెప్పుకోవాలె.”

ఆ గుట్ట మీదే ఆమెకు పాఠం చెప్పే దారి దొరికింది. పిల్లలకు ఇలా చెబుతుంది: “మందను ఇడిసిపెట్టి ఒంటిగ తిరిగే గొర్రెకు మా నాయిన మెడల గంట కడ్తుండె. మందకెందుకు గంట? గిదీ గంతే. ఒక్కరుంటే వెర్బుకు ఎస్సు కట్టుండ్రి. మంద ఉంటే అక్కర్లేదు.”

హాజరు కూడా అలాగే. రిజిస్టరు లేదు. కళ్లు మూసుకుని పేరు పిలుస్తుంది. పేరు సబ్జెక్టు. పిల్లలు వెర్బు అందివ్వాలి.

“మమత.”

“కమ్స్.”

“పరమేష్, రాజేశ్.” వీళ్లిద్దరూ కవలలు.

“కమ్!” అని ఇద్దరూ ఒక్కసారే.

కళ్లెందుకు మూసుకుంటావక్కా అంటే, పొద్దుగూకినంక మందను చెవులతోనే కాసిన అలవాటంటుంది.

అక్టోబరులో గుట్ట మీద సీతాఫలాలు పండాయి. పన్నెండేళ్ల ప్రవళిక నా చెవి దగ్గరకొచ్చింది. “అన్నా, జర నా హాజరు నువ్వు చెప్పవా? నీకు రెండు పండ్లు తెస్త.” ఆమె గొంతుతో ఒక్క “కమ్స్” ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. రెండు రోజులు పారింది. రెండు రోజులూ పండ్లు తిన్నాను.

మూడో రోజు అక్క పిలిచింది. “ప్రవళిక.”

తొడ కింద ఫోన్ నొక్కాను. “కమ్స్.”

తర్వాతి పేరు జాషువాది. అక్క దాన్ని పిలవలేదు. “ప్రవళిక,” అంది మళ్లీ. మళ్లీ నొక్కాను. “కమ్స్.” మొదటిసారి ఎలా వచ్చిందో వెంట్రుకవాసి తేడా లేకుండా అలాగే. మూడోసారి పిలిచింది. మూడోసారీ అలాగే.

అక్క కళ్లు తెరవలేదు. “గీ గొంతుల ఊపిరి లేదు,” అంది నెమ్మదిగా. “గా పిల్లకు నిన్నటిసంది పడిశం. గీమెకు లేదు. ప్రవళిక జాగల కూసున్నదెవరు?”

అందరి తలలూ అటు తిరిగాయి. అక్కడ బడి సంచీ ఒక్కటే ఉంది.

మమత ఏడుపు లంకించుకుంది. నాకు నవ్వొస్తుందనుకున్నాను, చెమటలొచ్చాయి. ఆ ఐదు నిమిషాలు ఇవే. చివరికి ఫోన్ తీసి గొంగడి మీద పెట్టాను.

అక్క కొట్టలేదు, తిట్టలేదు. “ఏడికి పోయింది?”

“ఈదుల గుట్టకు, అక్కా. రోజు హాజరు కాంగనే వచ్చి కూసుంటుండె...”

“ఇప్పుడు ఆరు. ఆడ క్వారీ గుంతల నీళ్లున్నయి.” గొంగడి దులిపి భుజాన వేసుకుంది. “ఫోన్ ఈన్నే పెట్టు. నాకు ఊపిరున్న గొంతు కావాలె.”

గుట్ట కింద నిలబడేసరికి వెలుతురు బూడిద రంగుకొచ్చింది. గాలి లేదు. పిల్లలంతా ఆమె వెనక ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. అక్క కళ్లు మూసుకుని, హాజరు పిలిచినట్టే పిలిచింది.

“ప్రవళికా...”

గుట్ట కూడా పిలిచింది. ఒకసారి, రెండోసారి, మూడోసారి. ప్రతిసారీ ఇంకాస్త సన్నగా, ఇంకాస్త లోపలి నుంచి.

“కమ్స్!”

గుట్ట వైపు రెండడుగులు ఉరికాను. అది జాషువా. ప్రవళిక తర్వాత వాడి వంతు కదా, అలవాటు కొద్దీ అనేశాడు.

“నిన్నెవరు పిలిచిండ్రు రా? నోరు మూయ్,” అంది అక్క. ఆమె గొంతు వణకడం అదే మొదటిసారి విన్నాను.

మళ్లీ పిలిచింది. మళ్లీ గుట్టే పలికింది. అక్క అలాగే నిలబడింది, తల కొంచెం వంచి. ప్రతిధ్వని పూర్తిగా చచ్చిపోయేదాకా ఎవరూ కదల్లేదు. అది పోయాక, భూమి లోపలి నుంచి, పడిశం పట్టిన ముక్కుతో ఒక చిన్న మాట.

“...కమ్స్.”

అక్క పరుగెత్తింది. క్వారీ గుంతలో ప్రవళిక నడుము లోతు నీళ్లలో, రాతి పగులులో మొలిచిన వేరు పట్టుకుని ఉంది. ఒక కాలు విరిగింది. గొంగడికి నా షర్టూ, మమత చున్నీ ముడేశాం. నేను దిగాను. దిగకపోతే అక్క నన్ను తోసేదే.

పైకొచ్చాక ఆ పిల్ల వణుకుతూ అన్న మాట ఇది: “అక్కా, ముందుగాల, ఇంకా ఎలుగున్నప్పుడు, నువ్వు మూడుసార్లు పిలిస్తే గూడ చెప్పిన. నీకు ఇనబడలేదా?”

గుట్ట కింద అక్క పిలిచింది రెండుసార్లే. మూడుసార్లు పిలిచింది షెడ్డులో, కిలోమీటరున్నర దూరంలో. అక్క నా వైపు చూసింది. నేను నేల చూశాను.

నెల తర్వాత కాలికి కట్టుతో ప్రవళిక తిరిగొచ్చి తన జాగాలో కూర్చుంది. ఆ రోజు పిల్లలు వెళ్లిపోయాక ధైర్యం చేసి అడిగాను.

“అక్కా, గా దినం జవాబు రాకపోతే ఏంజేద్దువు?”

అక్క గొంగడి మడత పెడుతూ, తలెత్తకుండా చెప్పింది.

“ఏమున్నది? రోజు గా పిల్ల జాగల నిన్ను కూసోబెట్టి, ఆమె పేరు పిలుద్దును. నువ్వే పలుకుదువు. ఫోన్ల గాదు, నీ నోటితోని. నువ్వు సచ్చేదాక.”